క్షయ మందులకు, టీకాలకు ఏ జంతువు? చుంచెలుక నుంచి మకాక్ కోతి దాకా ఒక ఎంపిక సలహా

ఊపిరి ద్వారా సోకే రోగానికి కొత్త మందో టీకానో తయారుచేసుకున్నవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న "ఏ జంతువులో చూద్దాం?" అన్నది. చాలా ల్యాబుల్లో దీనికి జవాబు యానిమల్ హౌసే చెప్పేస్తుంది. అక్కడ బాల్బ్-సి చుంచెలుకలు ఉన్నాయి, కాబట్టి బాల్బ్-సి. ఒక్కోసారి అది సరిపోతుంది కూడా. సరిపోనప్పుడు మాత్రం ఏళ్ల పని, వందల ప్రాణాలు పోయాక తేలుతుంది, అడిగిన ప్రశ్నకు ఆ జంతువు జవాబు చెప్పగలిగే స్థితిలోనే లేదని.

ఇక్కడ క్షయనే ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాం. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. పైగా జంతు నమూనాల మధ్య తేడాలు ఈ రోగంలో బయటపడినంత స్పష్టంగా మరే ఊపిరితిత్తుల రోగంలోనూ బయటపడలేదు. ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వీ (ముఖ్యంగా పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే వైరస్)ల సంగతి చివర్లో క్లుప్తంగా ఉంది.

## ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా ముందు గడ్డ సంగతి. మనిషి ఊపిరితిత్తుల్లో క్షయ క్రిముల చుట్టూ గ్రాన్యులోమాలు అనే గడ్డలు కడతాయి. వాటిలో చాలావాటి నడిమి భాగం చచ్చి, మెత్తటి జున్నులాంటి కేసియంగా మారుతుంది. ఆ కేసియంలో రక్తనాళాలు ఉండవు. క్రిములు కణాల బయట, దాదాపు నిద్రావస్థలో ఉంటాయి. మీ మందు అక్కడిదాకా వెళ్లి పనిచేస్తుందా అన్నదే ప్రశ్న అయితే, కేసియమే ఏర్పడని జంతువులో ఎంత జాగ్రత్తగా ప్రయోగం చేసినా జవాబు దొరకదు. క్రిమి మాక్రోఫేజ్ (క్రిములను మింగే రోగనిరోధక కణం)లో ఉన్నప్పుడు మందు చంపుతుందా అన్నంతవరకే మీకు కావాలంటే కేసియం అక్కర్లేదు.

రెండోది, మందు ఆ జంతువు రక్తంలో ఎంతసేపు, ఎంత మోతాదులో ఉంటుందన్నది. దీన్ని కొలవకుండా మిల్లీగ్రాములు లెక్కేసి డోసు ఇస్తే, పోలిక మొత్తం తప్పుదారి పడుతుంది.

మూడోది, కొలిచే సాధనాలు. ఏ టి-కణం (ఒక రకం రోగనిరోధక కణం) ఏం చేస్తోందో చూడాలంటే ఆ జాతికి యాంటీబాడీలు దొరకాలి. చుంచెలుకకు కేటలాగుల నిండా ఉంటాయి. గినీ పిగ్‌కు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మిగిలినవి స్థలం, డబ్బు, అనుమతి. ఇవి చివర్లో చూడాల్సినవే అయినా, నిజానికి చాలామంది వీటితోనే మొదలుపెడతారు.

| | బాల్బ్-సి, సి57 బ్లాక్-6 | క్రామ్నిక్ చుంచెలుక | గినీ పిగ్ | కుందేలు | మకాక్ |
|---|---|---|---|---|---|
| మొదట్లో బరువు | 18–25 గ్రాములు | 18–25 గ్రాములు | 250–350 గ్రాములు | 2.5–4 కిలోలు | 3 కిలోల పైన |
| కేసియం ఉన్న గడ్డలు | ఉండవు | ఉంటాయి, ఒక్కోదానిలో ఒక్కోలా | ఉంటాయి | ఉంటాయి, కుహరాలు కూడా | ఉంటాయి, మనిషికి అతి దగ్గర |
| రోగనిరోధక సాధనాలు | పుష్కలం | పుష్కలం | బాగా తక్కువ | తక్కువ | మనుషులవే చాలావరకు పనికొస్తాయి |
| ఫలితాల్లో హెచ్చుతగ్గులు | తక్కువ | ఎక్కువ | మధ్యస్థం | క్రిమి రకాన్ని బట్టి | చాలా ఎక్కువ |
| అనుమతి | సంస్థ కమిటీ | సంస్థ కమిటీ | సంస్థ కమిటీ | సంస్థ కమిటీ | కేంద్ర కమిటీ దాకా |
| ఎక్కడ మేలు | మందుల కలయికలు, తిరగబెట్టడం | కేసియంలో మందు పని | టీకా, రోగవ్యాప్తి | కుహరాలు, మందు చొచ్చుకుపోవడం | టీకాపై ఆఖరి నిర్ణయం |

## మామూలు చుంచెలుక: పని ఎక్కువగా జరిగేది ఇక్కడే

గాలి ద్వారా 50 నుంచి 100 క్రిములు లోపలికి చేరేలా సోకించడం చాలా ల్యాబుల్లో వాడుక. మొదటి మూడు నాలుగు వారాలు క్రిములు పెరిగి ఊపిరితిత్తుల్లో పది లక్షల దగ్గరికి చేరతాయి. అప్పటికి టి-కణాలు రంగంలోకి దిగి ఆ సంఖ్యను అక్కడే ఆపేస్తాయి. ఆపేస్తాయే గాని తుడిచిపెట్టలేవు. ఎలుక నెలల తరబడి బతుకుతుంది, క్రిములూ బతుకుతాయి. క్రిములు పెరుగుతున్న దశలో మందు మొదలుపెడితే ఒక ప్రశ్న, ఆగిన దశలో మొదలుపెడితే మరో ప్రశ్న. ఏ వారంలో మొదలుపెట్టారో రాయని ఫలితాన్ని మరొకదానితో పోల్చడం దండగ.

డోసుల్లో బాగా స్థిరపడిన వాడుక ఉంది. రిఫాంపిసిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు, ఐసోనియాజిడ్ 10, పిరజినమైడ్ 150, ఇథాంబ్యుటాల్ 100. వారానికి ఐదు రోజులు, గొట్టంతో కడుపులోకి. మనిషి రక్తంలో ఆ మందులు ఉండే స్థాయికి ఇవి దాదాపు సరితూగుతాయి. మిగతా మందులకన్నా కనీసం గంట ముందు రిఫాంపిసిన్ ఇవ్వాలి. అన్నీ ఒకే సిరంజిలో కలిపి ఇస్తే రిఫాంపిసిన్ రక్తంలోకి సరిగ్గా చేరదు. అప్పుడు మీ కొత్త మందు పక్కన పాత మందుల జట్టు ఉన్నదానికన్నా బలహీనంగా కనిపించి, కొత్తది లేని గొప్పతనం తెచ్చుకుంటుంది.

మందుల కలయికలు పోల్చడానికి బాల్బ్-సిలోని తిరగబెట్టే నమూనాకు మించింది ఇప్పటికీ లేదు. నిర్ణీత నెలల పాటు మందు ఇచ్చి ఆపేస్తారు. మూడు నెలలు వదిలేస్తారు. ఆ తర్వాత ఊపిరితిత్తులు మొత్తం నూరి, క్రిములను పెంచే ప్లేట్ల మీద పోస్తారు. ఒక్క కాలనీ వచ్చినా రోగం తిరగబెట్టినట్టే. ఒక్కో సమయానికి 15 ఎలుకలు మామూలు. ఇక్కడ పొదుపు చేసి ఎనిమిదితో సరిపెట్టేవాళ్లు ఉన్నారు. ఎనిమిదిలో రెండు తిరగబెట్టినా నాలుగు తిరగబెట్టినా ఆ తేడాకు గణాంకపరంగా విలువ లేదు, ఆ ఎనిమిది ప్రాణాలూ వృథా.

బెడాక్విలిన్ లాంటి మందులతో ఇంకో చిక్కుంది. ఇవి కణజాలంలో అతుక్కుపోయి, నూరిన ద్రవంతోపాటు ప్లేటు మీదికీ వస్తాయి. క్రిములు బతికే ఉన్నా ప్లేటు మీద మొలవవు. మందు అద్భుతంగా పనిచేసినట్టు కనబడుతుంది. ప్లేటులోని అగర్ జెల్లీలో 0.4 శాతం యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపితే అది మందును పీల్చేస్తుంది. నల్లటి ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టడం కంటికి శ్రమే, అయినా తప్పదు.

ఈ నమూనా చెప్పేది ఎంతవరకు నమ్మొచ్చో చరిత్ర చూపించింది. ఐసోనియాజిడ్ బదులు మాక్సిఫ్లాక్సాసిన్ పెడితే ఎలుకల్లో చికిత్స కాలం బాగా తగ్గింది. దాని ఆధారంగా మనుషుల్లో నాలుగు నెలల చికిత్స పరీక్షించిన రీమాక్స్ ట్రయల్ ఫలితం 2014లో వచ్చింది. కఫం త్వరగా శుభ్రపడింది, కానీ రోగం తిరగబెట్టడం ఎక్కువైంది, నాలుగు నెలలు చాలలేదు. 2021లో మాత్రం రోజూ రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన నాలుగు నెలల చికిత్స ఆరు నెలల చికిత్సకు తీసిపోదని తేలింది. మందు మొండి క్షయకు ఇప్పుడు వాడుతున్న బెడాక్విలిన్, ప్రెటోమనిడ్, లైన్‌జోలిడ్ కలయిక కూడా ముందు ఈ ఎలుకల్లో నిలిచి వచ్చినదే. ఏ కలయిక మెరుగో చెప్పడంలో బాల్బ్-సి బాగానే నమ్మదగ్గది. ఎన్ని నెలలు తగ్గుతాయో చెప్పమంటే మాత్రం దాని మాట మీద ఆధారపడకండి.

## క్రామ్నిక్ చుంచెలుక: కేసియం కావాలంటే

సి3హెచ్‌ఈబీ/ఎఫ్‌ఈజే అనే ఈ జాతిని ఇగోర్ క్రామ్నిక్ పేరుతో పిలవడం వాడుక. జన్యుపటంలో ఎస్‌ఎస్‌టీ1 అనే చోట ఉన్న లోపం వల్ల వీటి ఊపిరితిత్తుల్లో కణాలు చచ్చి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కేసియం ఉన్న గడ్డలు కడతాయి. ధర, స్థలం విషయంలో చుంచెలుకే, గడ్డల విషయంలో మనిషికి బాగా దగ్గర.

దీంతో బయటపడిన విషయాలు తక్కువవి కావు. క్లోఫజిమిన్ బాల్బ్-సిలో బలమైన మందు. ఇందులో, రోగం ముదిరాక మొదలుపెడితే బాగా నీరసపడింది. పిరజినమైడ్ ఆమ్ల వాతావరణంలోనే పనిచేస్తుంది. ఈ ఎలుకల కేసియం దాదాపు తటస్థంగా ఉండటంతో, ఒకే మందు కొన్ని ఎలుకల్లో పనిచేసి పక్క బోనులోని ఎలుకల్లో చేయలేదు. సగటు తీసి ఒక్క అంకె చూపిస్తే ఈ కథంతా మాయమవుతుంది. ఒక్కో ఎలుకను ఒక్కో చుక్కగా గ్రాఫులో చూపించండి.

ఈ హెచ్చుతగ్గులకు ఖరీదు ఉంది. కొన్ని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఉప్పెనలా వచ్చి, మందు మొదలుపెట్టకముందే ఎలుక చనిపోతుంది. అందుకే గుంపు సైజు బాల్బ్-సి కన్నా పెద్దదిగా పెట్టుకోవాలి. మందు మొదలుపెట్టే రోజున బరువుల ప్రకారం గుంపులు సరిచేసి, ఏ ఎలుక ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ వేసి పంచాలి. బోను ముందువైపున్నవి ఒక గుంపు, వెనకవి మరో గుంపు అన్న అలవాటు ఇక్కడ నేరుగా తప్పుడు ఫలితమిస్తుంది.

ఇంకో దారి ఉంది. మామూలు బ్లాక్-6 ఎలుకలకే ఒకటి నుంచి మూడు క్రిములు మాత్రమే అందేలా చేయడం. ఒక్కో ఎలుకలో ఒక్కటే గడ్డ, ఒక్కోటి ఒక్కో రకం. రోగం మనిషిలో నడిచే తీరుకు ఇది దగ్గర. కొన్నిటికి అసలు సోకదు కాబట్టి సంఖ్య ఎక్కువ కావాలి. టీకా పరీక్షలకు ఇది ఆశ కలిగిస్తున్న పద్ధతి. మందుల పోలికకు ఇంకా వాడుక తక్కువ.

## గినీ పిగ్: పాతదే, కానీ పక్కన పెట్టలేనిది

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని లోకానికి చూపించినప్పుడు ఆధారంగా నిలిచిన జంతువుల్లో గినీ పిగ్ ముఖ్యమైనది. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరు పడకల క్షయ వార్డు గాలిని పైకప్పు మీది బోనుల్లోకి మళ్లించి, క్షయ గాలిలోనే వ్యాపిస్తుందని నిరూపించిందీ ఈ జంతువులతోనే. ఇవి క్షయకు అంత సుళువుగా లొంగుతాయి. కొద్ది క్రిములు చాలు, కేసియం కడుతుంది, రెండు మూడు వారాల్లో రక్తం గుండా ప్లీహానికీ పాకుతుంది. పీపీడీ (ట్యుబర్కులిన్) చర్మ పరీక్షకు మనిషిలాగే చర్మం ఉబ్బుతుంది. చుంచెలుకలో ఆ స్పందన నామమాత్రమే.

టీకా పనికి ఇది ఇప్పటికీ గట్టి పరీక్ష. ఇప్పుడున్న క్షయ టీకా బీసీజీ వేసిన జంతువులకూ వేయనివాటికీ మధ్య అంతరం చుంచెలుకలో కన్నా ఇందులో పెద్దది. ఆ అంతరాన్ని దాటి మీ టీకా ఇంకా మెరుగని చూపించడం కష్టం, చూపిస్తే దానికి బరువుంటుంది. జంతువుల్లో స్వల్పమైన మెరుగు చూసి ముందుకెళ్తే ఏమవుతుందో ఎంవీఏ85ఏ అనే టీకా చెప్పింది. దక్షిణాఫ్రికాలో 2,797 మంది పసిపిల్లల్లో చేసిన ట్రయల్ ఫలితం 2013లో వచ్చింది, బీసీజీ మీద అదనపు రక్షణ గణనీయంగా లేదు.

మన దక్షిణాది ల్యాబులు తప్పక గుర్తుంచుకోవలసింది ఒకటుంది. మద్రాసు రోగుల నుంచి తీసిన క్షయ క్రిముల్లో చాలావి గినీ పిగ్‌లలో బ్రిటన్ క్రిముల కన్నా తక్కువ ఉధృతి చూపించాయని 1960 నాటికే తేలింది. మనుషుల్లో మాత్రం ఆ క్రిములు రోగం తెచ్చినవే కదా. చెంగల్పట్టులో జరిగిన బీసీజీ మహా ప్రయోగంలో పెద్దవాళ్లకు రక్షణ కనబడకపోవడం గురించి చర్చ వచ్చినప్పుడల్లా, పర్యావరణంలోని ఇతర మైకోబాక్టీరియాలతోపాటు ఈ సంగతీ ప్రస్తావనకు వస్తుంది. హెచ్37ఆర్‌వీ అనే ప్రయోగశాల క్రిమి ఒక్కదానితో ఆగిపోకుండా, స్థానికంగా తిరిగే క్రిమితోనూ ఒకసారి చూడడం ఇందుకే.

గినీ పిగ్ దగ్గర పని చెడేది ఎక్కువగా మేత దగ్గర, మందు దగ్గర. విటమిన్-సి ఇది సొంతంగా తయారుచేసుకోలేదు. రోజుకు కిలో బరువుకు కనీసం 10 మిల్లీగ్రాములు కావాలి, రోగంలో ఇంకా ఎక్కువ. మేతలో కలిపిన విటమిన్ నిలవలో చచ్చిపోతుంది కాబట్టి, మిల్లులో ఆడిన 90 రోజుల లోపు మేత వాడేయాలి. బస్తా మీద తేదీ లేకపోతే తీసుకోవద్దు. విటమిన్ తగ్గి బరువు పడిపోతే అది క్షయ వల్ల అనుకుని, మందు పనిచేయలేదని రాసే ప్రమాదం ఉంది.

రెండోది యాంటీబయాటిక్స్. పెన్సిలిన్ జాతి, క్లిండమైసిన్, లింకోమైసిన్ లాంటివి గినీ పిగ్ పేగుల్లోని మంచి బాక్టీరియాను చంపేస్తాయి. క్లాస్ట్రిడియం పెరిగి జంతువు రోజుల్లో చనిపోతుంది. మీ కొత్త మందు విస్తృతంగా పనిచేసే యాంటీబయాటిక్ అయితే, ముందు రోగం లేని నాలుగైదు జంతువుల్లో రెండు వారాలు చూశాకే అసలు ప్రయోగం పెట్టండి. నోటి మందు గొట్టంతో ఇవ్వడం ఈ జంతువులో కష్టం. చక్కెర పాకంలో కలిపి సిరంజితో చెంప లోపల మెల్లగా పోయడమే మేలు. ఇంకోటి: ఒకే మందు మనిషి స్థాయికి చేరాలంటే గినీ పిగ్‌కు కిలోకు ఇవ్వాల్సిన మోతాదు చుంచెలుకది కాకపోవచ్చు. రక్తంలో కొలవకుండా ఎలుక డోసును తెచ్చి ఇక్కడ పెట్టకూడదు.

## కుందేలు, క్లుప్తంగా

కుహరాలు (కేసియం కరిగి ఊపిరితిత్తిలో పడే గుంతలు) మీకు ముఖ్యమైతే కుందేలు. లేకపోతే వద్దు. న్యూజిలాండ్ వైట్ కుందేలు హెచ్37ఆర్‌వీని చాలావరకు అణిచేస్తుంది. గోజాతి క్షయ క్రిమితోనో, హెచ్‌ఎన్878 లాంటి ఉధృతమైన క్రిమితోనో అయితే గడ్డలు, కుహరాలు కనిపిస్తాయి. అందుకే "కుందేలులో చేశాం" అన్న మాట ఒక్కటే అర్థం లేనిది, ఏ క్రిమితో అన్నది కూడా చెప్పాలి. ఊపిరితిత్తి పెద్దది కాబట్టి ఒక్కో గడ్డనూ వేరుగా కోసి, కేసియంలోకి మందు ఎంత చేరిందో కొలవొచ్చు. మాక్సిఫ్లాక్సాసిన్ గడ్డ అంచు కణాల్లో పోగవుతుంది గాని కేసియంలోకి అంతగా వెళ్లదు, రిఫాంపిసిన్ వెళ్తుంది. ఇలాంటి తేడాలు చూడటానికి ఇది తగిన సైజు. మూడు కిలోల జంతువును నెలల తరబడి ఉంచే ఏబీఎస్‌ఎల్-3 గది (ప్రమాదకర క్రిములు సోకించిన జంతువుల కోసం కట్టుదిట్టంగా కట్టిన గది) చాలా సంస్థలకు లేదన్నదే పెద్ద అడ్డంకి.

## మకాక్: ఆఖరి మెట్టు

సైనోమోల్గస్ మకాక్‌కు కొద్ది క్రిములు అందితే, సుమారు సగం జంతువులకు రోగం ముదురుతుంది, మిగతా సగంలో మనిషిలాగే నిద్రావస్థలో ఉండిపోతుంది. మరే జంతువులోనూ ఇంత దగ్గరి పోలిక రాదు. రీసస్ మకాక్‌లో రోగం ఎక్కువగా ముదురుతుంది. పెట్-సీటీ తీసి అదే జంతువులోని అదే గడ్డను నెలల తరబడి గమనించొచ్చు.

2020లో వచ్చిన ఒక ఫలితం ఈ జంతువు విలువ చూపించింది. బీసీజీని చర్మంలో కాకుండా నేరుగా రక్తనాళంలోకి ఇస్తే, పది రీసస్ మకాక్‌లలో తొమ్మిదికి గట్టి రక్షణ దొరికింది, ఆరింటిలో క్రిమి జాడే కనబడలేదు. ఎలుకల్లో ఎన్ని ప్రయోగాలు చేసినా ఇంత స్పష్టమైన సమాధానం వచ్చేది కాదు.

కానీ ఒక గుంపుకు పదికి మించి దొరకడం అరుదు. సగం ముదిరి సగం ముదరని జంతువులో పది అంటే, మందుల మధ్య చిన్న తేడా ఎప్పటికీ తేలదు. అందుకే మందుల కలయికలు పోల్చడానికి మకాక్ అడగడం, డబ్బులున్నా సరే, తప్పుడు ఎంపికే. టీకా మనుషుల్లోకి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయానికి మాత్రమే దాన్ని ఉంచుకోవాలి. మన దేశంలో రీసస్ కోతులకు కొదవ లేకపోయినా, మనుషుల మధ్య తిరిగిన కోతికి ముందే క్షయ సోకి ఉండొచ్చు. ఆరు వారాల క్వారంటైన్‌లో ట్యుబర్కులిన్ పరీక్ష ఒకటికి రెండుసార్లు చేయాలి.

## మందే ఊపిరితో ఇవ్వాలనుకుంటే

పీల్చే పొడులు, నెబ్యులైజర్ ద్రావణాల మీద పనిచేసేవాళ్లకు రోగ నమూనా ఎంపికతోపాటు మందు ఇచ్చే దారి ఎంపిక కూడా ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్‌ఐ) పీల్చే ఐసోనియాజిడ్, రిఫాబుటిన్ పొడుల మీద చేసిన పని ఈ రంగంలో మన దేశానికి పేరు తెచ్చింది.

ముక్కులో చుక్కలుగా పోయడం చవక. చుంచెలుకకు మత్తిచ్చి 50 మైక్రోలీటర్లు పోస్తే కొంత ఊపిరితిత్తులకు చేరుతుంది, 10–20 పోస్తే చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. ఎంత చేరిందో జంతువు జంతువుకూ మారుతుంది. శ్వాసనాళంలోకి నేరుగా పోస్తే మోతాదు ఖాయం, కానీ మందు ఒక లోబులో (ఊపిరితిత్తిలోని ఒక భాగంలో) గుమిగూడుతుంది, రోజూ చేస్తే నాళం దెబ్బతింటుంది. ఒకటి రెండు డోసుల పరీక్షకు అది బాగుంటుంది. వారాల తరబడి ఇవ్వాలంటే ముక్కు మాత్రమే బయటికి ఉండే చాంబర్ సరైనది. ఒళ్లంతా ఆవిరిలో ఉంచే చాంబర్‌లో మందు బొచ్చు మీద పడుతుంది, ఎలుక ఒళ్లు నాకుతుంది, మీరు పీల్చిన మందనుకున్నది సగం నోటి మందు అవుతుంది.

చాంబర్‌లో మోతాదు లెక్క ఇలా ఉంటుంది. ఎలుక నిమిషానికి పీల్చే గాలి, లీటర్లలో, 0.608 × బరువు (కిలోల్లో) 0.852 ఘాతానికి. 25 గ్రాముల చుంచెలుకకు ఇది సుమారు 0.026 లీటర్లు. గాలిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము మందు ఉండి అరగంట పీలిస్తే లోపలికి వెళ్లేది 0.079 మిల్లీగ్రాము, అంటే కిలోకు 3.1 మిల్లీగ్రాములు. అందులో ఊపిరితిత్తుల్లో నిలిచేది ఎలుకజాతులకు పది శాతంగా తీసుకోవడం వాడుక. అంటే కిలోకు 0.3 మాత్రమే. "కిలోకు 3 మిల్లీగ్రాములు ఇచ్చాం" అని ఒకరు, "0.3" అని మరొకరు ఒకే ప్రయోగం గురించి రాయగలరు. ఏ అంకె రాస్తున్నారో చెప్పడం మరిచిపోకండి.

పొడి వల్ల శ్వాసనాళం బిగుసుకుపోతుందా అని చూడాలంటే గినీ పిగ్ మంచిది. దాని శ్వాసనాళాలు చిన్న రెచ్చగొట్టుడుకే గట్టిగా ముడుచుకుంటాయి, దగ్గుతుంది కూడా. చుంచెలుక మనలా దగ్గదు. గినీ పిగ్‌లో ఇబ్బంది కనబడిందని మందు మానేయనక్కర్లేదు, అందులో కనబడకపోతే మాత్రం కొంత నిశ్చింత.

## ఎవరికి ఏది

కొత్త రసాయనం చేతికొచ్చిన మందుల కంపెనీ అయితే: ముందు రోగం లేని చుంచెలుకలో రక్తంలో మందు స్థాయి చూడండి. తర్వాత బాల్బ్-సిలో నెల రోజుల పరీక్ష. బాగుంటే క్రామ్నిక్, ఆ తర్వాతే తిరగబెట్టే నమూనా. క్రామ్నిక్ వదిలేసి నేరుగా తిరగబెట్టే నమూనాకు పోవడం ఖరీదైన పొరపాటు, కేసియంలో పనిచేయని మందు మీద ఏడాది పోతుంది.

టీకా బృందమైతే: బ్లాక్-6లో రోగనిరోధక స్పందన, గినీ పిగ్‌లో రక్షణ. రెండూ బీసీజీతో పోల్చి. మకాక్ గురించి ఆలోచన ఆ తర్వాతే.

జన్యువో సైటోకైనో ఏం చేస్తుందో తెలుసుకోవాలనుకునే పీహెచ్‌డీ విద్యార్థి అయితే: చుంచెలుక తప్ప వేరే ఎంపికే లేదు, దాని గురించి మథనపడకండి. ఆడ ఎలుకలతో పని సులువు, మగవి బోనులో కొట్టుకుంటాయి. అయితే మగ ఎలుకలు క్షయకు ఎక్కువ లొంగుతాయి, కాబట్టి ఒక్క లింగంతో చేసిన పనిని రెండింటికీ వర్తింపజేయవద్దు. ఎడమ ఊపిరితిత్తి ఒకే లోబు కాబట్టి దాన్ని సూక్ష్మదర్శిని పనికి, కుడివైపు నాలుగు లోబులను క్రిముల లెక్కకు ఉంచుకోవచ్చు. ఆ పంపకాన్ని అన్ని జంతువుల్లోనూ ఒకేలా పాటించాలి.

సోకించిన మర్నాడు రెండు మూడు ఎలుకల్ని తీసి క్రిములు లెక్కపెట్టడం ఎవరూ మానకూడదు. ఆ అంకె లేకపోతే, తర్వాత కనబడిన తేడా మందు వల్లో, మొదట్లో సోకిన తేడా వల్లో ఎప్పటికీ చెప్పలేరు.

## ఇతర ఊపిరితిత్తుల రోగాలు

ఫ్లూకు ముంగిసలా పొడవాటి ఒళ్లుండే ఫెర్రెట్. మనిషి ఫ్లూ వైరస్‌ను 1933లో లండన్ శాస్త్రవేత్తలు మొదట పట్టింది ఇందులోనే, మనలాగే తుమ్ముతుంది, జ్వరపడుతుంది. ప్రయోగశాల చుంచెలుకల్లో చాలా జాతులకు ఫ్లూను అడ్డుకునే ఎంఎక్స్1 జన్యువు పాడైపోయి ఉంటుంది, పైగా మనిషి వైరస్‌ను ఎలుకకు అలవాటు చేస్తే గాని రోగం రాదు. టీకా, మందుల మొదటి వడపోతకు చుంచెలుక చాలు. వ్యాప్తి గురించి ప్రశ్న అయితే చాలదు.

కోవిడ్‌కు సిరియన్ హ్యామ్‌స్టర్. మొదటి వైరస్ మామూలు చుంచెలుకకు సోకలేదు. వైరస్ కణంలోకి దూరే ద్వారమైన మనిషి ఏసీఈ2 జన్యువు పెట్టిన కే18 ఎలుకకు సోకుతుంది గాని, అది తరచు మెదడుకు పాకి చనిపోతుంది. ఊపిరితిత్తుల మందును ఆ చావుల లెక్కతో తూచడం తప్పు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాక్సిన్‌ను హ్యామ్‌స్టర్లలోనూ, 20 రీసస్ మకాక్‌లలోనూ పరీక్షించాకే ఫలితాలు ప్రచురించారు.

ఆర్‌ఎస్‌వీకి కాటన్ ర్యాట్. పసిపిల్లలకు ఇచ్చే పాలివిజుమాబ్ అనే యాంటీబాడీ మందు మోతాదుకు దారి చూపింది ఇదే. పట్టుకుంటే కరుస్తుంది, గంతులేస్తుంది, చేయి తిరిగిన మనిషి కావాలి.

## అనుమతులు, కాలం

చుంచెలుక, గినీ పిగ్, కుందేలుకు సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి చాలు. కోతుల లాంటి పెద్ద జంతువులకు కమిటీ సిఫార్సు తర్వాత జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ ఒప్పుకోవాలి. దాని పాత పేరు సీపీసీఎస్‌ఈఏ. క్రిమికి జన్యుమార్పు ఉంటే సంస్థ బయోసేఫ్టీ కమిటీ కాగితం వేరుగా కావాలి. దరఖాస్తులో ఎక్కువగా వెనక్కొచ్చేవి రెండు చోట్ల: జంతువుల సంఖ్యకు గణాంక కారణం రాయకపోవడం, జంతువు బాధపడుతుంటే ఏ దశలో ఆపేస్తారో రాయకపోవడం. బరువు 20 శాతం తగ్గితే ఆపేస్తామని రాసేవాళ్లు, వారానికి ఒక్కసారే బరువు తూస్తామని అదే కాగితంలో రాస్తే కమిటీ పట్టుకుంటుంది.

బయటి నుంచి వచ్చిన చిన్న జంతువులకు క్వారంటైన్ వారం నుంచి నెల దాకా. తిరగబెట్టే నమూనాకు సోకించడం, నెల ఎదురుచూడటం, నాలుగు నెలల మందు, మూడు నెలల విరామం, ప్లేట్ల మీద ఇంకో నెల కలిపితే ఏబీఎస్‌ఎల్-3 గది తొమ్మిది నెలలకు పైనే మీ పేరు మీద ఉండాలి. మధ్యలో వార్షిక నిర్వహణకు గది మూసేస్తారేమో ముందే అడగండి. మూడు నెలల విరామం మధ్యలో గది మూసేస్తే ఎలుకల్ని తరలించడానికి వేరే చోటు ఉండదు, ప్రయోగం మొదటికొస్తుంది.

ఏబీఎస్‌ఎల్-3 అందుబాటులో లేనివాళ్లు రక్తంలో మందు స్థాయి, ఊపిరితిత్తిలో మందు నిలిచే కాలం, పీల్చే పొడి భద్రత వంటి పనులన్నీ రోగం లేని జంతువుల్లో మామూలు యానిమల్ హౌస్‌లోనే చేసుకుని, సోకించే భాగం ఒక్కదానికే ఆ సౌకర్యం ఉన్న సంస్థతో కలిసి పనిచేయొచ్చు. జాతీయ స్థాయి జంతు వనరుల కేంద్రంగా ఐసీఎంఆర్ జీనోమ్ వ్యాలీలో నెలకొల్పిన ఎన్‌ఏఆర్‌ఎఫ్‌బీఆర్ హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లకు దగ్గర. మాట్లాడేటప్పుడు ప్రోటోకాల్ కన్నా ముందు డోసు, మందు ద్రావణం ఎన్నాళ్లు నిలవుంటుంది, ప్లేట్లు ఎవరు లెక్కపెడతారు అన్న మూడూ రాతపూర్వకంగా తేల్చుకోండి.